పొగ పరీక్ష

మా ఇంటికి పరీక్షలు కొత్త కాదు. నాన్నగారు ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూల్లో పరీక్షలు పెట్టారు. నేను ఇరవై ఏళ్ళుగా కాలేజీలో పెడుతున్నాను. మా అమ్మాయి ఎప్పుడు చూసినా ఏదో ఒక ఎంట్రన్సుకు చదువుతూనే ఉంటుంది. మా ఆవిడ కూడా నిరుడు డ్రైవింగు పరీక్షకు వెళ్ళి మొదటిసారే నెగ్గుకొచ్చి, రెండుసార్లు తప్పిన నన్ను ఆ సంగతి మరచిపోనివ్వకుండా చూసుకుంటోంది. ఇందరు పరీక్షల వాళ్ళున్న ఇంట్లో ఈ వేసవిలో పరీక్ష తప్పింది ఎవరయ్యా అంటే, మా కారు.

కారనగానే మీరు ఘనంగా ఊహించుకోకండి. మారుతి 800. నాన్నగారు 1997 ఆగస్టులో ప్రావిడెంటు ఫండులోంచి కొంతా, బ్యాంకులోంచి కొంతా తెచ్చి కొన్నారు. హైస్కూలు హెడ్మాస్టరు కారు కొనడం ఆ రోజుల్లో వీధికి ఒక వార్త. కొండ కింద అమ్మవారి పేర కొబ్బరికాయ కొట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు నలిపించి, బెజవాడ సత్యనారాయణపురంలో మా సందులోకి మలుపు తిప్పేసరికి, గుమ్మాలన్నీ మనుషులతో నిండి ఉన్నాయి. ఈ రకం కార్లలో మొట్టమొదటిదాని తాళం చెవి 1983 డిసెంబరులో ఢిల్లీలో ఇందిరాగాంధీ స్వయంగా అందించారని, వచ్చిన వాళ్ళందరికీ నాన్నగారు తాము పక్కనే నిలబడి చూసినంత నమ్మకంగా చెప్పేవారు. 2014 జనవరిలో ఆ కారు తయారీ ఆపేశారన్న వార్త పత్రికలో చదివిన పూట ఆయన కాఫీ చల్లారిపోయింది.

నాన్నగారి కళ్ళకు శస్త్రచికిత్స అయ్యాక బండి నా చేతికి వచ్చింది. చట్టం ప్రకారం సొంత కారుకు పదిహేనేళ్ళు ఆయుష్షు. ఆ తరువాత అయిదేసి ఏళ్ళ చొప్పున పొడిగించుకోవాలి. 2012లో ఒకసారి, 2017లో ఒకసారి పొడిగించాం. 2022లో మూడోసారి వెళ్ళేసరికి, అంతకు ముందు ఆరువందలున్న రుసుము అయిదు వేలై కూర్చుంది. "ఈ అయిదు వేలకు బండి సగం ఖరీదు వచ్చేస్తుంది, అమ్మేద్దాం" అంది మా ఆవిడ. నాన్నగారు ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి తమ పింఛను డబ్బులోంచి పది అయిదువందల నోట్లు తెచ్చి బల్లమీద పెట్టారు. మరి ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఇదంతా బండి పురాణం. ఇక పొగ సంగతికి వస్తాను.

మోటారు బండి ఏదైనా, కొన్న ఏడాది తరువాత నుంచి కాలుష్య పరీక్ష చేయించి, నెగ్గినట్టు పత్రం దగ్గర పెట్టుకోవాలి. కొత్తరకం బండ్లకు ఆ పత్రం ఏడాది చెల్లుతుంది. మా దాని వంటి ముసలి వాటికి ఆరు నెలలే. పత్రం లేకుండా దొరికితే, 2019లో సవరించిన చట్టం ప్రకారం జరిమానా పదివేల దాకా వెయ్యవచ్చు. అంతేకాదు, పొగ పత్రం లేని బండికి ఇన్సూరెన్సు పొడిగించవద్దని 2017లో సుప్రీంకోర్టు చెప్పిన మాట, 2024లో ఆ కోర్టే ఎత్తేసేదాకా అమల్లో ఉండేది. కనుక ఆరు నెలలకోసారి ఈ క్రతువు తప్పదు.

ఇన్నేళ్ళూ నేను ఆ క్రతువు ఎలా నడిపానో దాచకుండా చెబుతాను. మా ఇంటికి దగ్గర్లో పెట్రోలు బంకు పక్కన ఒక పాత వ్యాను ఆగి ఉండేది. అందులో ఒక కంప్యూటరూ, ఒక యంత్రమూ, ఒక మనిషీ. నేను బండి ఆపేవాణ్ణి. దిగేవాణ్ణి కూడా కాదు. అతను నంబరు పలక ఫోటో తీసేవాడు. యంత్రానికి తగిలించిన గొట్టం నేలమీద చుట్ట చుట్టుకుని నిద్రపోతూ ఉండేది. రెండు నిమిషాల్లో కాగితం వచ్చేది. డబ్బిచ్చి, కాగితం డాష్‌బోర్డులో పడేసి, కాలేజీకి వెళ్ళి, పక్కవాడి పేపరు చూసి రాస్తున్న కుర్రవాడి చేతిలోంచి జవాబు పత్రం లాక్కునేవాణ్ణి. ఈ రెండు పనులూ ఒకే పూట చేసిన రోజులు కూడా ఉన్నాయి. నాకేమీ అనిపించలేదు. అందరూ చేసేదేగా!

ఈ మే నెలలో ఇన్సూరెన్సు గడువు దగ్గరపడింది. చూస్తే పొగ పత్రం గడువు అంతకు ముందే దాటింది. బంకు పక్కకు వెళితే వ్యాను లేదు. ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. ఏలూరు రోడ్డు మీద ఇంకొకటి ఉందంటే అక్కడికి తీసుకెళ్ళాను.

బండి ఆపి కిటికీలోంచి చెయ్యి చాచానో లేదో, వ్యానులోంచి ఒక కుర్రవాడు దూకి, "మాస్టారూ! మీరా అండీ?" అన్నాడు.

ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పినవాడికి ఊళ్ళో ఎక్కడికి వెళ్ళినా ఒక శిష్యుడు తగులుతాడు. బ్యాంకులో తగిలితే సంతోషం. పోలీసుస్టేషన్లో తగిలితే భయం. పొగ వ్యానులో తగలడం ఇదే మొదలు. ముఖం గుర్తుకొచ్చింది గాని పేరు రాలేదు. ఏడెనిమిదేళ్ళ కిందట బి.కాం. వెనక బెంచీ, కిటికీ పక్క.

"దిగండి మాస్టారూ, ఎండలో కూర్చుంటారేమిటి" అంటూ ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. ఈ పెద్దమనిషికి గొట్టాన్ని నిద్రపుచ్చే అలవాటు లేదు కాబోలు, దాన్ని తీసుకెళ్ళి మా బండి సైలెన్సరులోకి జానెడు లోపలికి దూర్చాడు. ఇంజను ఆపవద్దన్నాడు. తెరమీద అంకెలు పరుగెత్తడం మొదలుపెట్టాయి. నేను కుర్చీలోంచి లేచాను. నా ఎదుట పేపరు దిద్దించుకునే పిల్లలు ఎందుకలా మెడ చాచి చూస్తారో అప్పుడు తెలిసింది.

అంకెలు ఆగాయి. అతను ఒకసారి అంకెలవంకా, ఒకసారి నావంకా చూశాడు.

"మాస్టారూ, మన బండి తప్పిందండీ."

"ఎన్నికి తప్పింది?" అన్నాను అలవాటు కొద్దీ.

లెక్క విప్పి చెప్పాడు. పెట్రోలు బండిలో వాళ్ళు ముఖ్యంగా చూసేవి రెండు. ఒకటి కార్బన్ మోనాక్సైడు, రెండోది కాలకుండా బయటికొచ్చే పెట్రోలు ఆవిరి, అంటే హైడ్రోకార్బన్లు. భారత్ స్టేజి రెండు కంటే ముందు తయారైన కార్లకు మొదటిది నూటికి 3 దాకా, రెండోది పది లక్షల్లో 1500 పాళ్ళ దాకా ఉండవచ్చు. భారత్ స్టేజి నాలుగు కార్లకు అవే 0.3, 200. అంటే మొదటిదానిలో మా బండికి పదిరెట్లు సడలింపు. ఏ యూనివర్సిటీ కూడా ఇంత దయగా పాసు మార్కు పెట్టదు. అంత దయా ఉండగా మా బండి తెచ్చుకున్నది 5.2, 1840. రెండు సబ్జెక్టులూ పోయాయి.

నా ముఖం చూసి అతను గొంతు తగ్గించాడు. "మీరేం దిగులు పడకండి. అదుగో, వెనకాల నిలబడ్డది కొత్త బండి. గొట్టం దాంట్లో పెట్టి, ఫోటో మన బండిది తీస్తాను. చిటికెలో పని. ఎవరికీ తెలియదు."

నేను మాట్లాడలేదు. అతను నవ్వి, "గుర్తుందాండీ మాస్టారూ? ఇంటర్నల్ పరీక్షలో నేను తెల్ల కాగితం ఇస్తే మీరు ఇరవై అయిదుకి పదిహేను వేశారు. అది నేను మర్చిపోలేదండీ" అన్నాడు.

గుర్తుంది. ఆ మాటతో పేరు కూడా గుర్తుకొచ్చింది. ఆ ఏడాది అతను రాత్రిళ్ళు కూరగాయల లారీల దగ్గర బస్తాలు దింపే పనికి వెళ్ళేవాడు. తల్లికి జబ్బు. పరీక్ష హాల్లో నంబరు వేసి, తల వాల్చి నిద్రపోయాడు. నేను లేపలేదు. తరువాత ఆ తెల్ల కాగితం మీద ఎర్ర సిరాతో పదిహేను వేశాను. దయతో వేశాననుకున్నాను. అందులో దయ ఎంతో, ఉత్తీర్ణుల శాతం తగ్గితే ప్రిన్సిపాలుకు సంజాయిషీ చెప్పుకోవాలన్న భయం ఎంతో, ఇప్పుడు విడదీసి చూడటం కష్టం.

నేను ఉత్తముణ్ణని చాటుకోవడానికి ఇది రాయటం లేదు. అంచేత నిజం చెబుతున్నాను. నా చెయ్యి జేబులోకి వెళ్ళింది. సరే కానియ్యి అనబోతున్నాను. తెల్ల కాగితానికి మార్కులు వేస్తే ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు, దీనికీ లేదు అని మనసులో సర్దిచెప్పుకున్నాను కూడా. ఇంతలో అతను గొట్టం బయటికి లాగుతూ, ప్రతివాడికీ చెప్పే మాట చెప్పినట్టు, "ఒక్కటి మాత్రం చూసుకోండి మాస్టారూ. ఈ మోనాక్సైడుకి రంగూ లేదు, వాసనా లేదు. మూసిన చోట ఇంజను ఆన్ చేసి ఉంచకండి. ముసలివాళ్ళకీ చిన్నపిల్లలకీ మరీ చెడ్డది" అన్నాడు.

మా ఇంట్లో బండి ఉండే చోటు మీకు చెప్పలేదు కదూ. మూడు పక్కలా గోడ, పైన రేకులు, ఎదర గేటు. ఆ మూడు గోడల్లో ఎడమ గోడకు ఒక కిటికీ ఉంది. అది నాన్నగారి గది కిటికీ. రోజూ పొద్దున్న ఏడున్నరకు నేను చోక్ లాగి, బండి స్టార్టు చేసి, ఇంజను వేడెక్కనిచ్చి, ఈలోగా లోపలికి వెళ్ళి చొక్కా ఇస్త్రీ చేసుకుని, కాఫీ తాగి వస్తాను. పది నిమిషాలు. ఆ కిటికీకి ఇవతల నాన్నగారు కుర్చీలో కూర్చుని, మూతికి నెబ్యులైజరు మాస్కు తగిలించుకుని, మందు పీలుస్తూ ఉంటారు.

"వద్దులే నాయనా. బాగుచేయించుకుని వస్తాను" అన్నాను. గొంతు ఎందుకో సరిగ్గా రాలేదు. అతను నొచ్చుకున్నాడు. తన ఉపకారం నేను కాదన్నానని బాధ. ఒక చీటీ మీద ఆ రెండు అంకెలూ రాసి ఇచ్చాడు. దానికి డబ్బు తీసుకోలేదు.

నాన్నగారి ఊపిరితిత్తులకు జబ్బు పట్టి రెండేళ్ళయింది. అప్పుడు డాక్టరు వరసగా అడిగాడు. బీడీలు? లేదు. సిగరెట్లు? జన్మలో లేదు. ఫ్యాక్టరీ పని? లేదు. కట్టెల పొయ్యి? చిన్నప్పుడు. నేను పక్కనే నిలబడి అన్నిటికీ ఆయన తరఫున జవాబు చెప్పాను. ఇంట్లో కారు ఎక్కడ పెడతారని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. జబ్బుకు కారణం బండేనని ఏ డాక్టరూ అనలేదు, నేనూ అనను. సుద్దముక్కల దుమ్ము ముప్ఫై నాలుగేళ్ళు పీల్చిన మనిషి. 2019లో కేంద్రం గాలి బాగుచేయవలసిన ఊళ్ళ జాబితా వేస్తే అందులో మా ఊరు పేరూ ఉంది. ఎవరి పాలు ఎంతో ఎవరు తూచగలరు? కాని మోనాక్సైడు నెత్తురులోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుందని మా అమ్మాయి పుస్తకంలోనే ఉంది. పీల్చిన కాస్త ఊపిరీ చాలక తిప్పలు పడుతున్న మనిషి కిటికీ పక్కన, దాన్ని రోజుకు పది నిమిషాలు వదులుతున్నాను నేను.

ఆ రాత్రి ఆయన మంచం పక్కన కూర్చుని చీటీ చూపించి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని అంకెలు చదివి, "ఊఁ" అన్నారు.

"రోజూ పొద్దున్న మీకేమీ ఇబ్బందిగా ఉండేది కాదా నాన్నగారూ?"

"ఉండకేం? నువ్వు తాళం తిప్పిన చప్పుడు వినగానే కిటికీ మూసుకుంటున్నాగా. ఆ రెక్క బిగుసుకుపోయి సరిగా మూసుకోదు. తువ్వాలు అడ్డం పెడతాను."

నాకు నోట మాట రాలేదు. "ఎన్నాళ్ళనుంచి?"

"ఏడాదిపైనే అయింది. పెట్రోలు వాసన ఎక్కువైంది."

"మరి చెప్పలేదేం?"

ఆయన చీటీ మడిచి నా చేతికిచ్చారు. "చెబితే బండి అమ్మేస్తావురా" అన్నారు.

మర్నాడు బండి తీసుకుని ఆటోనగర్ వెళ్ళాను. బెంజి సర్కిలు, పటమట దాటి వెడితే వచ్చే ఆ పేట మీలో చాలామంది ఎరిగిందే. లారీకి పుట్టుకా చావూ పునర్జన్మా మూడూ అక్కడ జరుగుతాయి. కాని మా బండికి మేస్త్రీ దొరకడం తేలిక కాలేదు. మొదటి షాపులో కుర్రవాడు చేతిలో పలక వంటి యంత్రం పట్టుకుని వచ్చి, స్టీరింగు కింద అది తగిలించే చోటు వెతికి, దొరకక, "ఇది కార్బురేటర్ బండా సార్!" అని పురావస్తు శాఖవాడిలా ఆశ్చర్యపోయాడు. ఇప్పటి బండ్లలో పెట్రోలు ఎంత, గాలి ఎంత అన్నది కంప్యూటరు చూసుకుంటుంది. మా దాంట్లో ఆ పని చేసేది ఇత్తడి రంధ్రాలూ, ఒక తేలే బెండూ, ఒక మర. ఆ విద్య తెలిసినవాళ్ళు అరవై దాటినవాళ్ళే. నాలుగో సందులో ఒక పెద్దమేస్త్రీ ఉన్నాడని చెప్పారు.

పెద్దమేస్త్రీ తొందరపడే మనిషి కాదు. చీటీ చూశాడు. స్టార్టు చెయ్యమన్నాడు. కళ్ళు మూసుకుని కాసేపు విన్నాడు. సైలెన్సరు దగ్గర వంగి, ఆ పొగను చేత్తో తనవైపు విసురుకుని, సాంబారు వాసన చూసినట్టు చూశాడు. తరువాత బానెటు ఎత్తి, గాలి జల్లెడ మూత విప్పి, లోపలిది బయటికి తీసి నా ముందు పెట్టాడు.

"ఇదేమిటో చెప్పండి మాస్టారూ."

ఫిల్టరని చెప్పడానికి ధైర్యం చాలలేదు. పాతికేళ్ళు అటకమీదున్న బొంతలా ఉంది.

"దీంట్లోంచి మీరు ఊపిరి పీలుస్తారా? మరి అదెలా పీలుస్తుంది?" అన్నాడు.

తరువాత నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి చోక్ లాగమన్నాడు, లాగాను. లోపలికి నెట్టమన్నాడు, నెట్టాను. "ఇప్పుడు వచ్చి చూడండి." చూశాను. కార్బురేటరు నోటికి ఒక రెక్క ఉంటుంది. చోక్ లాగితే అది మూసుకుని గాలి తగ్గుతుంది, పెట్రోలు పాలు పెరుగుతుంది. చల్లని ఇంజను అంటుకోవడానికి అది కావాలి. అంటుకున్నాక నెడితే రెక్క తెరుచుకోవాలి. మాది తెరుచుకోవడం లేదు. తీగ తుప్పుపట్టి బిగిసిపోయింది. గుబ్బ లోపలికి వెళుతోంది గాని, రెక్క సగంలోనే నిలబడిపోతోంది. అంటే ఏడాదిగా నేను చోక్ సగం వేసుకుని బెజవాడ అంతా తిరుగుతున్నానన్నమాట.

నాన్నగారి కిటికీ రెక్క మూసుకోదు, దీని రెక్క తెరుచుకోదు.

"ఒక పాలు పెట్రోలు సుబ్బరంగా కాలాలంటే తూకానికి పదిహేను పాళ్ళ గాలి కావాలండీ" అన్నాడు మేస్త్రీ. (లెక్క ప్రకారం 14.7. ఆయనది నోటి లెక్క, తప్పు పట్టవలసింది కాదు.) "గాలి తక్కువైతే సగం కాలి మోనాక్సైడవుతుంది. అసలు కాలంది పచ్చిగా బయటికొస్తుంది. మైలేజీ పడిపోలేదూ?"

పడిపోయింది. బంకువాడు కొలతలో దగా చేస్తున్నాడని ఏడాదిగా నేను వాణ్ణి మనసులో తిడుతున్నాను. ఆ తిట్లన్నీ ఇక్కడ వెనక్కి తీసుకుంటున్నాను.

ప్లగ్గులు మూడూ విప్పి గుడ్డ మీద వరసగా పెట్టాడు. రెండింటికి ఎండు మసి. "మీ అమ్మాయికి కాటుక పెట్టొచ్చు" అన్నాడు. మూడోది తడిగా ఉంది. అది సరిగ్గా నిప్పు రవ్వే ఇవ్వడం లేదట. రెండో సబ్జెక్టు పోయింది దానివల్ల. ఇంజను నూనె కొలకర్ర బయటికి లాగి నా ముక్కు దగ్గర పెట్టాడు. అందులోనూ పెట్రోలు వాసనే.

ఆ పూటంతా అక్కడ స్టూలు మీద కూర్చున్నాను. కార్బురేటరు ఊడదీసి, ముక్క ముక్కా పెట్రోలులో కడిగి, రంధ్రాలు గాలితో ఊది, కొత్త వాషర్లు వేసి బిగించాడు. చోక్ తీగ కొత్తది. గాలి జల్లెడ కొత్తది. ప్లగ్గులు కొత్తవి. నూనె మార్చాడు. చివరికి మిగిలింది మిక్చరు మర. అక్కడ మాత్రం శిష్యుడి చేతికి స్క్రూడ్రైవరు ఇవ్వలేదు. ఇంజను నడుస్తుండగా తలవంచి పావు చుట్టు బిగించి విన్నాడు. ఇంజను గొణిగింది. అరచుట్టు వదిలి విన్నాడు, వణికింది. మళ్ళీ రవంత బిగించాడు. వీణ బిరడ తిప్పేవాడి ముఖంలో కనిపించే శ్రద్ధ అది. ఉన్నట్టుండి ఆ దగ్గూ తుమ్మూ ఆగిపోయి ఇంజను సాఫీగా, ఒకే శ్రుతిలో పలికింది. ఆయన స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, టీ తెమ్మని కుర్రవాణ్ణి పంపాడు.

"బండి తప్పేం లేదండీ. అడిగేవాడు లేక పాడైంది" అన్నాడు. మూడువేల రెండువందలు ఇచ్చాను. బేరం చెయ్యబుద్ధి కాలేదు.

చల్లటి ఇంజనుతో పరీక్షకు వెళ్ళవద్దని ఆయనే చెప్పాడు. ఇంజను బాగా వేడెక్కితేనే పెట్రోలు సరిగ్గా కాలుతుంది, అంకెలు నిజం చెబుతాయి. అందుకని బందరు రోడ్డు మీద కానూరు దాటి పోరంకి దాకా పోయి, తిరిగి ఊళ్ళోకి వచ్చి, ఏలూరు రోడ్డులో ఆ వ్యాను ముందు ఆపేసరికి సాయంత్రం అయిదయింది.

కుర్రవాడు నన్ను చూసి లేచాడు గాని, మొన్నటి ఉత్సాహం లేదు. గొట్టం పెట్టాడు. యాక్సిలరేటరు ఓ మారు తొక్కి వదలమన్నాడు. అంకెలు మొదట 4 దగ్గర కనిపించాయి. నా గుండె గుభేలుమంది. తరువాత 3, 2.6, 2... మెట్లు దిగినట్టు దిగి, 1.3 దగ్గర కూర్చున్నాయి. రెండోది 620.

"ఫస్టు క్లాసండీ మాస్టారూ!" అని అరిచాడు. ఎక్కడ లేని సంతోషం అతనిది. ఈసారి కాగితం యంత్రం నిజంగానే రాసింది. డబ్బు తీసుకోనన్నాడు. బలవంతాన ఇచ్చాను.

వెళ్ళబోతూ ఆగాను. రెండు రోజులుగా అడగాలనుకుంటున్న మాట. "ఆ రోజు నేను ఆ పదిహేను మార్కులు వెయ్యకుండా, నిన్ను లేపి, ఇంకో రోజు మళ్ళీ రాయిస్తే బాగుండేదేమోనోయ్."

అతను గొట్టం చుట్ట చుడుతున్నాడు. "మళ్ళీ రాసినా నాకేం వచ్చేదండీ, ఆ ఏడాది అసలు చదవందే" అన్నాడు. చుట్టడం అయ్యాక, "అయినా లేపి ఉంటే బాగుండేదేనండీ. అప్పుడు ఎందుకు నిద్రపోతున్నావని మీరు అడిగేవారు" అన్నాడు.

వెనక ఎవరో హారను కొట్టారు. అతను అటు వెళ్ళిపోయాడు.

ఇంటికి రాగానే నాన్నగారు కాగితం అడిగి పుచ్చుకున్నారు. కళ్ళజోడు సవరించుకుని, ఏనాటి హెడ్మాస్టరో కనక, పైనుంచి కింది దాకా ఒక్క అక్షరం వదలకుండా చదివారు. "3కి 1.3. తక్కువ వస్తే నెగ్గినట్టా? ఇదేం పరీక్షరా!" అన్నారు. మా అమ్మాయి పకపకా నవ్వింది. ఆయన కూడా నవ్వబోయి దగ్గు తెర వచ్చి ఆగారు. తెర తగ్గాక, "మళ్ళీ ఎప్పుడు?" అన్నారు.

"నవంబరులో."

"అప్పుడు నన్నూ తీసుకెళ్ళు. ఆ గొట్టం ఎలా పెడతాడో చూస్తాను."

వడ్రంగిని పిలిచి కిటికీ రెక్క చిత్రిక పట్టించాను. ఇప్పుడది వేలితో నెడితే మూసుకుంటుంది. కాని పొద్దుటి పూట మూయవలసిన పని లేదు. బండిని న్యూట్రలులో పెట్టి, నేనూ మా అమ్మాయీ గేటు దాకా తోసి, వీధిలోకి దించి, అక్కడ స్టార్టు చేస్తున్నాం. చోక్ ఒక్క నిమిషం. ఎదురింటివారు మొదటి రెండు రోజులూ బండి చెడిందనుకుని సాయం వచ్చారు. మూడో రోజునుంచి చోద్యం చూస్తున్నారు. నాన్నగారు మాస్కు పక్కన పెట్టి, కిటికీ చువ్వలు పట్టుకుని, "ఎడమకి కొయ్యరా, ఎడమకి! గేటుకి గీసుకుంటుంది" అంటూ ఉంటారు.